చిత్తకార్తెకు ముందు

కల్మలలో ఒక అవ్వ ఉండేది. రాయచూరు నుంచి లింగసుగూరు పోయే బాట పక్కన మట్టిమిద్దె, ముందు వేపచెట్టు, చుట్టూ ముళ్ళకంప దడి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ మాట్లాడుకునే సంసారం. అవ్వకు ఒక కొడుకు, ఒక కోడలు, ఏడో తరగతి చదివే మనవరాలు. ఉన్న నల్లరేగడిలో కొంత పత్తి, కొంత కంది, మిగతాది వెనకారు తెల్లజొన్నకు వదిలిపెట్టేవాళ్ళు.

ఒక ఏడు శివరాత్రి ముందర, జొన్న కోత అయిపోయాక, గొర్రెల తాత తన మందను వాళ్ళ చేలో పండబెట్టాడు. మందకు కాపలా ఒక ముసలి ఆడకుక్క. అది ధనుర్మాసంలో ఈనిన పిల్లల్లో ఒకదానికి నుదుట తెల్లచుక్క ఉంది. మనవరాలు దాన్ని ఒళ్ళోంచి దించలేదు. తాత నవ్వి, "తీసుకో తల్లీ, రెండు నెలలు నిండినాయి, పాలు మరిచింది" అన్నాడు. అట్లా ఆ ఇంటికి చుక్కి వచ్చింది.

మృగశిరలో పశువుల డాక్టరమ్మ గాలికుంటు టీకాలు వేయడానికి ఊళ్ళోకి వచ్చింది. ఎద్దులకు సూది వేసి చేతులు కడుక్కుంటుంటే చుక్కి వచ్చి ఆమె చెప్పులు వాసన చూసింది.

"దీనికి ఎన్ని నెలలు?"

"ఆరు నెలలు మేడమ్."

"ఎదకొచ్చిందా?"

"ఇంకా లేదు."

డాక్టరమ్మ దాని నడుము తడిమి, ఇంటి చుట్టూ ఒకసారి చూసింది. "అయితే ఇదే సమయం. ఇది ఎంత పెరిగినా పదహైదు, పదహారు కిలోలు దాటదు. రాయచూరు తీసుకురండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేద్దాం. మీకు గోడ లేదు, గేటు లేదు. ఎదకొచ్చాక దీన్ని మీరు కాయలేరు."

"చేయిస్తాం మేడమ్, ఈ విత్తనం పని ఒకటి కానీ" అన్నాడు కొడుకు.

విత్తనం పని అయింది. కలుపు వచ్చింది. కలుపు తీశాక యూరియా కోసం తిరుగుడు. శ్రావణంలో ఇంట్లో నోము, ఆ నెలలో కత్తి పెట్టించడం ఎందుకులే అనుకున్నారు. వినాయకుని పండుగ, మాన్విలో మేనమామ కూతురి పెళ్ళి, టెంపో దొరకని రోజులు, దొరికినా డబ్బు లేని రోజులు. ఇందులో ఒక్క కారణమూ అబద్ధం కాదు. ఆ ఇంట్లో చుక్కి అంటే ఎవరికీ చిన్నచూపు లేదు. అవ్వ తన రొట్టెలో సగం తుంచి దానికే పెట్టేది.

మధ్యలో గొర్రెల తాత ఒక మాట అని పోయాడు. "ఒక్క ఈతన్నా ఈననీయండప్పా. ఒక్కసారి తల్లి కాకుంటే ఆడదాని ఒళ్ళు పాడైతది." కుక్కల సంగతి అతనికి తెలిసినంత ఎవరికి తెలుసని కోడలు ఆ మాట పట్టుకుంది. దాంతో ఆలస్యానికి ఒక ధర్మం కూడా తోడైంది.

హస్త పోయి చిత్తకార్తె వచ్చింది. ఆ కార్తెలో కొడుకు పొద్దున లేస్తే చేలోనే. జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూసేవాడు. ముద్ద కట్టి మళ్ళీ వేళ్ళ మధ్య విరిగితే పదును వచ్చినట్టు. మరీ తడిగా ఉంటే గొర్రు సాగదు, ఆరనిస్తే గింజ మొలవదు. పక్క చేనువాళ్ళు రెండు రోజుల ముందే విత్తినా అతను తొందరపడలేదు. తన నేల సంగతి తనకు తెలుసు.

ఆ వారంలోనే మనవరాలు గచ్చు మీద రక్తపు చుక్కలు చూసింది. సాయంత్రానికి దడి అవతల నాలుగు మగకుక్కలు. మరునాటికి ఎన్నో లెక్కే లేదు.

కొడుకు కంగారుగా డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. "రేపే తెస్తాను మేడమ్, చేసేయండి."

"ఇప్పుడు వద్దు. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచికి పోయే రక్తనాళాలన్నీ ఉబ్బి ఉంటాయి. చేయలేమని కాదు, రక్తం ఎక్కువ పోతుంది. మూడు వారాలు ఇంట్లో పెట్టి తలుపు వేయండి. ఎద ముగిశాక రెండు మూడు నెలలకు చేద్దాం."

"మందుల షాపులో ఎద ఆపే సూది ఉందంటున్నారు."

"అది వేయించొద్దు. ఆ సూదితో గర్భసంచిలో చీము పట్టిన కుక్కల్ని నేను చూశాను."

చుక్కిని మేకల కొట్టంలో కట్టేశారు. రాత్రంతా ఏడ్చేది. తొమ్మిది రోజులు రక్తం పోయింది. పదో రోజు మరకలు తేలికపడి నీళ్ళలా మారాయి. "అయిపోయిందమ్మా, పాపం" అని కోడలు తాడు విప్పింది. డాక్టరమ్మ చెప్పింది మూడు వారాలు, కళ్ళకు కనిపించింది రక్తం ఆగడం. వాళ్ళు కళ్ళను నమ్మారు. రక్తం తగ్గిన ఆ రోజుల్లోనే ఆడకుక్క మగకుక్కను దగ్గరికి రానిస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తలుపు వేయాల్సిన రోజునే తీశారు.

రెండు నెలలు దాటగానే, ధనుర్మాసపు చలిలో, పత్తికట్టె కుప్ప వెనక చుక్కి ఆరు పిల్లల్ని ఈనింది. తనే ఇంకా ఏడాది పిల్ల. రెండు పిల్లలు చలికి మొదటి వారంలోనే పోయాయి. కళ్ళు తెరిచి నడవడం నేర్చిన ఒకటి బాట మీదికి పోయింది. పత్తి లారీ డ్రైవరు చూసుకోలేదు. మనవరాలు దాన్ని గోనెపట్టాలో చుట్టి వేపచెట్టు కింద పూడ్చింది. చుక్కి పక్కటెముకలు లెక్కపెట్టేట్టు చిక్కిపోయింది.

ఆ నెలలోనే గొర్రెల తాత ముసలి కుక్క, చుక్కి తల్లి, తిండి మానేసింది. కుండెడు నీళ్ళు తాగేది, మళ్ళీ కుండ దగ్గరికే పోయేది. పొట్ట ఉబ్బింది. నెలన్నర కింద ఎదకొచ్చి పోయింది కాబట్టి చూలే అనుకున్నాడు తాత. పొట్టలో ఉన్నది చీము. బండి మీద ఇద్దరి నడుమ పడుకోబెట్టుకుని రాయచూరు బయలుదేరారు. దారిలోనే పోయింది. ఎనిమిదేళ్ళు మంద కాచిన కుక్క అది. "పిల్లలనుకున్నానమ్మా, సంబరపడ్డాను కూడా" అని తాత అవ్వ ముందు కూర్చుని ఏడ్చాడు.

అవ్వ ఆ రాత్రి కొడుకును పిలిచింది. "నేలకు పదును చూస్తావు కదరా. పక్కోడు విత్తిండని విత్తవు, నీకు తీరిక ఉందని విత్తవు. పిడికిట్లో మట్టి ఏం చెప్తే అది వింటావు. నోరులేని దానికాడికి వచ్చేసరికి నీ తీరిక చూసుకున్నావు."

కొడుకు ఏమీ అనలేదు. పిల్లలు పాలు మరిచాక, చుక్కి పాలు ఎండాక, శివరాత్రి వెళ్ళిన వారానికి దాన్ని రాయచూరు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ చెవుల వెనక పిడుదులు చూసి రక్తం తీయించింది. పిడుదుల జ్వరం. రక్తం గడ్డకట్టించే కణాలు తక్కువున్నాయి. "ఇవాళ కోస్తే రక్తం ఆగదు. నెల మాత్రలు వాడి రండి." ఈసారి అతను ఎదురు చెప్పలేదు, వాయిదా వేయలేదు, మాత్రలు అయిపోయిన మరునాడు ఆసుపత్రి ముందు ఉన్నాడు. ఉగాది దాటాక ఆపరేషన్ అయింది. డొక్క పక్కన చిన్న కోత. పన్నెండు రోజులు నాకకుండా మెడకు అట్ట కట్టి మనవరాలు కాపలా కాసింది.

ఇదంతా చూసిన కోడలి తమ్ముడు, జిన్నింగ్ మిల్లులోనే ఉండి పనిచేసేవాడు, తన నాలుగు నెలల జర్మన్ షెపర్డ్ పిల్లను ఎత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "మా అక్కవాళ్ళలా నేను ఆలస్యం చేయను మేడమ్. ఇవాళే చేసేయండి."

డాక్టరమ్మ దాని ముందరి కాళ్ళ కీళ్ళు పట్టుకుని చూసింది. "మీ మిల్లుకు గోడ ఎంత ఎత్తు?"

"ఎనిమిది అడుగులు మేడమ్."

"రాత్రిళ్ళు ఎక్కడుంటుంది?"

"నా గదిలోనే."

"అయితే ఆగుదాం. ఇది ముప్పై కిలోలు పెరిగే కుక్క. ఎముక, కీలు కుదురుకోవాలి. ఏడాది దాటనీ. మొదటి ఎద వస్తుంది, మూడు వారాలు గది దాటనీకు. ఆ తర్వాత రెండు మూడు నెలలకు రా."

"మా అక్క కుక్కకు ఆరు నెలలకే అన్నారు కదా?"

"మీ అక్క ఇంటికి ఉన్నది కంపదడి."

చుక్కి పిల్లల్లో మిగిలింది మూడు. రెండు మగవి, మూడోది ఆడది, తల్లికున్నట్టే నుదుట చుక్క. దాన్ని తీసుకుపోవడానికి గొర్రెల తాత వచ్చాడు. చేతిలో ఎత్తుకుని, వెళ్ళబోతూ ఆగి, ఒక్క ఈత మాట మళ్ళీ ఎత్తకుండా, "ఈ పిల్లకు ఆరు నెలలు ఎప్పుడు నిండుతాయో కొంచెం లెక్కగట్టి చెప్పమ్మా" అని మనవరాలిని అడిగాడు. ఆ పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "మృగశిరకు తాతా" అంది.

నీతి

ఆడకుక్కకు ఆపరేషన్ ఎప్పుడన్నది మన తీరిక తేల్చే విషయం కాదు. ఆ కుక్క ఒళ్ళు, అది ఉండే ఇంటి దడి, వచ్చే కార్తె, ఈ మూడూ కలిసి తేల్చాలి. తేల్చుకోకుండా ఊరుకుంటే అది కూడా ఒక నిర్ణయమే, దాని భారం మాత్రం కుక్క మీద పడుతుంది.

కథలో డాక్టరమ్మ రెండు కుక్కలకు రెండు జవాబులు చెప్పింది. వినేవాళ్ళకు అది మాట మార్చినట్టు అనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

ఎదకు ముందే చేయించమనే సలహాకు మూలం చాలావరకు 1969లో అమెరికాలో ష్నైడర్, ఆయన సహచరులు అచ్చువేసిన ఒక పరిశోధన. ఆపరేషన్ కాని కుక్కకు రొమ్ము గడ్డల ముప్పు నూరు పాళ్ళనుకుంటే, మొదటి ఎదకు ముందే అయిన కుక్కకు అది అర పాలు, ఒక ఎద తర్వాత 8, రెండు అంతకుమించి ఎదల తర్వాత 26 అని అందులో తేలింది. చాలామంది ఈ అంకెల్ని తప్పుగా చదువుతారు: వందలో 26 కుక్కలకు గడ్డలొస్తాయని దాని అర్థం కాదు, ఆపరేషన్ కాని కుక్కతో పోల్చి చెప్పిన లెక్క మాత్రమే. పైగా 2012లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు ఇలాంటి అధ్యయనాలన్నిటినీ జల్లెడపట్టి, ఈ ఆధారం అనుకున్నంత గట్టిది కాదని తేల్చారు. మేలు లేదని వాళ్ళు అనలేదు. అంత నిక్కచ్చి అంకెలతో చెప్పలేమన్నారు.

తాత కుక్కను తీసుకుపోయిన జబ్బు విషయంలో ఇంత అనుమానం లేదు. దాని పేరు పయోమెట్రా, గర్భసంచిలో చీము పట్టడం. ఎద ముగిసిన కొద్ది వారాల నుంచి రెండు మూడు నెలల లోపు వస్తుంది, వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. ఆపరేషన్లు అంతగా చేయించని స్వీడన్‌లో బీమా ఉన్న కుక్కల లెక్కలు తీస్తే, పదేళ్ళు నిండేలోపు ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు ఈ జబ్బు వచ్చింది. ఎక్కువ నీళ్ళు తాగడం, తిండి మానడం, కొన్నిటికి చీము కారడం, కొన్నిటికి అదీ కారకుండా పొట్ట ఉబ్బడం. ముసలి ఆడకుక్కకు ఎద తర్వాత దప్పిక పెరిగిందంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. పొట్ట చూసి చూలనుకుని ఎదురుచూసే ఇళ్ళు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. ఎద ఆపే హార్మోను సూదులు ఈ జబ్బును మరింత దగ్గరికి తెస్తాయి.

ఆగమనే సలహాకూ గట్టి కారణమే ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో బెంజమిన్ హార్ట్, లినెట్ హార్ట్ బృందం 2013లో గోల్డెన్ రిట్రీవర్ల మీద, 2020లో 35 జాతుల మీద ఆసుపత్రి రికార్డులు పరిశీలించింది. గోల్డెన్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్కలకు ఏడాది లోపు ఆపరేషన్ చేస్తే కీళ్ళ జబ్బులు పెరిగాయి. చిన్న జాతుల్లో ఆ పెరుగుదల కనిపించలేదు. పెరిగే ఎముక కొసలు వేళకు మూసుకోవాలంటే అండాశయం ఇచ్చే హార్మోన్లు కొంతకాలం ఉండాలి, పెద్ద ఒంటికి అది ఆలస్యంగా జరుగుతుంది. ఆపరేషన్ తర్వాత తెలియకుండా మూత్రం కారే ఇబ్బంది కూడా ఇరవై కిలోలు దాటిన కుక్కల్లోనే ఎక్కువ. అందుకే అమెరికా పశువుల ఆసుపత్రుల సంఘం 2019 మార్గదర్శకాలు, పెద్దయ్యాక ఇరవై కిలోల లోపు ఉండే ఆడకుక్కకు మొదటి ఎదకు ముందు, అయిదారు నెలలకు చేయమంటాయి. అంతకన్నా పెద్దవాటికి అయిదు నుంచి పదిహేను నెలల మధ్య, పరిస్థితి చూసి డాక్టరు తేల్చాలి. మన ఊరి కుక్క ఎక్కువగా మొదటి గుంపులోనిదే. నగరాల్లో లాబ్రడార్ పెంచుకునేవాళ్ళ కోసం రాసిన సలహా చదివి, పదిహేను కిలోల ఊరికుక్కను ఏడాదిదాకా ఆపడం అనవసరం.

ఇక ఆ గోడ మాట. ఆగమనే సలహాలన్నీ ఎద వచ్చిన మూడు వారాలూ కుక్కను కాయగలరన్న నమ్మకం మీద నిలబడ్డాయి. చేలో, కల్లంలో, కంపదడి ఇంట్లో అది జరిగే పని కాదు. కాయలేని ఇంట్లో మొదటి ఎద అంటే చాలావరకు మొదటి ఈతే. పైగా వీధికుక్కల్లో కలయిక ద్వారా అంటుకునే గడ్డల జబ్బు ఒకటి మన దేశంలో బాగా ఉంది. దానికి ఆసుపత్రిలో వారం వారం సూదులు వేయించాలి.

ఒక్క ఈతన్నా ఈనాలన్న మాట తాతది మాత్రమే కాదు, చదువుకున్నవాళ్ళూ అంటారు. ఒకసారి ఈనడం వల్ల కుక్క ఆరోగ్యానికి మేలని చూపే వైద్య ఆధారం లేదు. ఏడాది నిండని ఒంటికి ఆరు పిల్లల పాలు ఎంత భారమో చుక్కి పక్కటెముకలే చెప్తాయి.

సమయం దాటిపోతే అన్నీ పోయినట్టు కాదు. ఎద ముగిశాక రెండు మూడు నెలలు ఆగాలని ఎందుకంటారంటే, రక్తనాళాలు సర్దుకోవాలి, హార్మోన్లు నెమ్మదించాలి. ఎద ముగిసిన వెంటనే కోస్తే కొన్ని కుక్కలకు ఈనకపోయినా పాలు దిగుతాయి, లేని పిల్లల కోసం బొమ్మల్నీ చెప్పుల్నీ కాపలా కాస్తాయి. ఈనితే పిల్లలు పాలు మరిచి, పాలు ఎండేదాకా ఆగాలి. మన వేడి నేలల్లో పిడుదుల జ్వరం ఉందేమో ముందుగా రక్తం చూపించడం మరవొద్దు. ఎనిమిదేళ్ళ కుక్కకైనా డాక్టరు పరీక్షించి సరేనంటే చేయించవచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆపరేషన్ వేరు, చీము పట్టాక అర్ధరాత్రి చేసే ఆపరేషన్ వేరు.

చిత్తకార్తెను కుక్కల కార్తె అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇళ్ళల్లో ఉండే కుక్కకు ఏడాదిలో ఎప్పుడైనా, సుమారు ఆరేడు నెలలకొకసారి, ఎద రావచ్చు. వీధి కుక్కలు మాత్రం ఎక్కువగా వానలు వెనకబట్టాకే ఎదకొస్తాయి; జైపూర్ వీధికుక్కల మీద జరిగిన అధ్యయనంలోనూ ఈ ఋతువు తేడా కనిపించింది. దానికి అరవై మూడు రోజులు కలిపితే చలికాలం. ఊళ్ళో కుక్కపిల్లలు చలికి, బండ్ల కింద ఎందుకు పోతాయో ఈ లెక్కే చెప్తుంది. సంక్రాంతికి వీధిలో కనిపించిన ఆడ కుక్కపిల్లకు మృగశిరకల్లా ఆరు నెలలు. అప్పటినుంచి చిత్తదాకా నాలుగు నెలల గడువు మన చేతిలో ఉంటుంది.

యజమాని లేని కుక్కలకు ఆ గడువు ఎవరు చూడాలి? మద్రాసులో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా 1964లోనే వీధికుక్కలకు ఆపరేషన్లు మొదలుపెట్టింది. నగరపాలిక మాత్రం 1996 దాకా చంపుతూనే ఉంది, కుక్కలు తగ్గలేదు. 2001లో కేంద్రం నియమాలు తెచ్చింది, 2023లో వాటిని మార్చి రాసింది: పట్టాలి, ఆపరేషన్ చేయాలి, పిచ్చికుక్క రోగానికి (రేబిస్) టీకా వేయాలి, పట్టిన చోటే వదలాలి, బాధ్యత స్థానిక సంస్థలది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మొదట ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని చెప్పి, పదకొండు రోజులకు ఆ ఆదేశాన్ని సడలించింది. రేబిస్ ఉన్నవి, మీదపడే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా తర్వాత వాటి చోట్లనే వదలమంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల విషయంలో నవంబరులో వేరే ఆదేశం ఇచ్చింది.

కాటు భయం నిజం, పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్ళ దుఃఖం నిజం. అందుకే పంచాయతీని అడగాల్సింది కుక్కలు కరిచాక కాదు, చిత్తకు ముందు, వానాకాలం మొదట్లో. అర్జీతోపాటు వీధిలో ఆడకుక్కలెన్ని, ఏది ఎవరి ఇంటి ముందు తింటుందో రాసి ఇస్తే పని సగం అయినట్టే. ప్రతి వీధిలో రాత్రి మిగిలిన అన్నం పెట్టే ఒక అవ్వో, టీకొట్టు అతనో ఉంటారు. ఆ కుక్కలు వాళ్ళ చేతికి వస్తాయి. పట్టేవాళ్ళ బండి వచ్చిన రోజు ఆ మనిషి దగ్గర నిలబడితే చాలా కుక్కలకు వల అవసరం పడదు.